పాత అంబాసిడర్‌కు కొత్త బ్రేకులు: ఏ భాగం మార్చాలి, ఏది ఉంచాలి

సంక్షిప్తంగా: పాత కారును పునరుద్ధరించేవారు బ్రేకు భాగాలను దేనికది విడిగా ఎంచుకోవడం వల్లనే ఎక్కువ చిక్కులు వస్తున్నాయి. బ్రేకు వ్యవస్థలో పెడల్ నుంచి చక్రం దాకా కొలతలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఇనుప భాగాలను కొలిచి చూసి, పరిమితిలో ఉంటే ఉంచుకోవచ్చు. రబ్బరు భాగాలను మాత్రం ఎంత బాగా కనిపించినా మార్చాలి. లైనర్లను, అంటే షూల మీద బిగించే ఘర్షణ పట్టీలను, ముందు, వెనుక చక్రాల పొంతన చూసి ఎంచుకోవాలి. డిస్కు బ్రేకులకు మారదలిస్తే మాస్టర్ సిలిండర్ నుంచి వెనుక డ్రమ్ముల దాకా లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఇప్పుడీ ప్రశ్న ఎందుకు వస్తోంది

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో హిందూస్థాన్ మోటార్స్ 2014 మేలో అంబాసిడర్ తయారీని ఆపివేసింది. ఫియట్ 1100 నుంచి రూపుదిద్దుకున్న ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే, 2000 ప్రాంతంలో ఆగిపోయింది. అర్ధ శతాబ్దం పాటు ప్రభుత్వ కార్యాలయాల ముందూ, టాక్సీ స్టాండ్లలోనూ, పెళ్లి ఊరేగింపుల్లోనూ కనిపించిన ఈ కార్లకు విడిభాగాలు దొరకడం ఒకప్పుడు సమస్యే కాదు, ఎందుకంటే చిన్న పట్టణంలోని దుకాణంలో కూడా మాస్టర్ సిలిండర్ కిట్టు దొరికేది. తయారీ ఆగిన తరువాత ఆ సరఫరా క్రమంగా సన్నగిల్లింది. మిగిలిపోయిన పాత స్టాకు, చిన్న వర్క్‌షాపులు తయారుచేసే నకళ్లు, వేరే వాహనాల నుంచి తెచ్చి అమర్చే భాగాలు ఆ ఖాళీని నింపాయి.

మరోవైపు గిరాకీ పెరుగుతోంది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. వాటికి నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఇస్తారు. అంటే 1970ల తొలి భాగంలో రోడ్డెక్కిన అంబాసిడర్లు, ఫియట్లు ఒక్కొక్కటిగా ఈ వయసు దాటుతున్నాయి. తాతగారి కారును షెడ్డులోంచి బయటికి తీసి బాగుచేయించాలనుకునేవారికి రంగు, సీట్లు, ఇంజన్ గురించి సలహా ఇచ్చేవారు చాలామందే దొరుకుతారు. బ్రేకుల విషయానికి వచ్చేసరికి ఒక్కో మెకానిక్ ఒక్కో మాట చెబుతాడు. ఆ మాటల్లో తేడా ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే వ్యవస్థను మొదటి నుంచి చూడాలి.

పెడల్ నుంచి చక్రం దాకా: సిలిండర్ వ్యాసమే అన్నీ నిర్ణయిస్తుంది

డ్రైవరు పెడల్ మీద పెట్టిన బలాన్ని మొదట పెడల్ తన పొడవు వల్ల కొన్ని రెట్లు చేస్తుంది. ఆ బలం మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెట్టితే ద్రవంలో పీడనం పుడుతుంది. ఆ పీడనం పైపుల గుండా ప్రతి చక్రం దగ్గరి వీల్ సిలిండర్‌కు చేరి, అక్కడి పిస్టన్లను తోసి, షూలను (లైనర్ బిగించిన వంపు పలకలను) చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకు ఒరిపిస్తుంది. ఈ గొలుసులో దుకాణదారులు అన్నింటికన్నా తేలిగ్గా తీసుకునేది మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం. బయటికి ఒకేలా కనిపించి, బోల్టు రంధ్రాలు సరిపోయి, లోపలి వ్యాసం మాత్రం అంగుళంలో ఎనిమిదో వంతు తేడాగా ఉండే సిలిండర్లు బజారులో పక్కపక్కనే దొరుకుతాయి.

ఆ తేడా ఎంత పని చేస్తుందో ఒక లెక్కతో చూడవచ్చు. కాలి బలం 30 కిలోలు, పెడల్ దాన్ని 4 రెట్లు చేస్తుందని అనుకుంటే పిస్టన్ మీద పడేది 120 కిలోలు. సిలిండర్ వ్యాసం 3/4 అంగుళం అయితే దాని వైశాల్యం 2.85 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, పీడనం చదరపు సెంటీమీటరుకు 42 కిలోలు. వ్యాసం 7/8 అంగుళమైతే వైశాల్యం 3.88 చదరపు సెంటీమీటర్లకు పెరిగి, పీడనం 31 కిలోలకు పడిపోతుంది. ‘కొంచెం పెద్దది, ఇంకా మంచిది’ అని అమర్చిన సిలిండర్ వల్ల అదే కాలి బలానికి బ్రేకు పట్టు నాలుగో వంతుకు పైగా తగ్గిందన్నమాట. పెడల్ మాత్రం గట్టిగా, పైనే ఆగుతుంది. అందువల్ల బాగుచేసిన వెంటనే కారు తోలినవారికి బ్రేకులు మెరుగయ్యాయనే భ్రమ కలుగుతుంది. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో ఇంతగా మోసపుచ్చేది మరొకటి లేదు.

దీనికి వ్యతిరేకంగా వ్యాసం తగ్గిస్తే పీడనం పెరుగుతుంది కానీ, ఒక్క నొక్కుకు ముందుకు కదిలే ద్రవం తగ్గుతుంది. షూలు కాస్త అరిగి, సర్దుబాటు సడలిన రోజున పెడల్ నేలకు తగిలే సమయానికి కూడా షూలు డ్రమ్మును పూర్తిగా తాకకపోవచ్చు. కాబట్టి తయారీదారు ఎంచుకున్న వ్యాసాన్ని మార్చకపోవడమే సరైనది. పాత సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడి, అదే కొలతది కొత్తగా దొరకనప్పుడు, లోపలి గోడను లేత్ మీద పెద్దది చేసి, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడి గొట్టం బిగించి, మళ్లీ మూల వ్యాసానికి తెచ్చే పద్ధతి ఉంది. గుంటలు పోయేదాకా లోపల అరగదీసి, ద్రవం కారకుండా ఆపే అవే రబ్బరు కప్పులు వేయడం దీనికన్నా చౌక; కానీ పెద్దదైన గోడకు కప్పు అంచు బిగువుగా ఆనదు, కొంతకాలానికి కారుతుంది.

వీల్ సిలిండర్ల విషయంలోనూ ఇదే సూత్రం తిరగబడి పనిచేస్తుంది. అక్కడ వ్యాసం పెరిగితే షూ మీద బలం పెరుగుతుంది. ఎడమ చక్రానికి 7/8 అంగుళం, కుడి చక్రానికి 1 అంగుళం సిలిండర్ పడితే కుడివైపు బలం 30 శాతం ఎక్కువై, బ్రేకు నొక్కిన ప్రతిసారీ కారు ఆ పక్కకు లాగుతుంది. మెకానిక్ లైనర్లలోనో, చక్రాల అమరికలోనో తప్పు వెతుకుతూ రోజులు గడిచిపోతాయి. సిలిండర్లను విప్పినప్పుడే వెర్నియర్ కాలిపర్‌తో అన్నింటినీ కొలిచి రాసిపెట్టుకుంటే ఆ శ్రమ ఉండదు.

షూ, డ్రమ్ము: ఘర్షణ తనను తానే పెంచుకునే చోటు

అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలంలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఆనవాయితీ. డ్రమ్ము బ్రేకులో ఒక విశేషం ఉంది. తిరిగే డ్రమ్ము, తనను తాకిన షూను తనతోపాటు లాగబోతుంది. షూ ఆధారం ఏ కొసన ఉందన్నదాన్ని బట్టి ఆ లాగుడు షూను డ్రమ్ములోకి మరింత ఒత్తనైనా ఒత్తుతుంది, దూరంగానైనా నెడుతుంది. ఒత్తే షూను లీడింగ్ షూ అనీ, నెట్టబడే దాన్ని ట్రైలింగ్ షూ అనీ అంటారు. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి ముందు చక్రాల్లో రెండు షూలూ లీడింగ్ షూలుగా పనిచేసేలా రెండు వీల్ సిలిండర్లు ఉండేవి. వెనుక చక్రాల్లో ఒకటి లీడింగ్, ఒకటి ట్రైలింగ్. కాలి బలాన్ని పెంచే బూస్టరు లేకుండానే టన్నుకు పైబడిన కారు కాలి బలంతో ఆగడానికి ఇదే కారణం.

ఇందువల్ల లైనర్ ఎంపిక డిస్కు బ్రేకుల కన్నా ఇక్కడ చాలా సున్నితమైన విషయమవుతుంది. డిస్కులో ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45కు పెరిగితే బ్రేకు బలం కూడా అదే పాళ్లలో, అంటే దాదాపు 29 శాతం పెరుగుతుంది. లీడింగ్ షూలో పెరిగిన ఘర్షణ షూను ఇంకా ఒత్తి, ఆ ఒత్తిడి మళ్లీ ఘర్షణను పెంచుతుంది కాబట్టి, బలం అంతకు చాలా ఎక్కువగా పెరుగుతుంది. ఒక చక్రంలో లైనర్ కాస్త ఎక్కువ పట్టేదై, ఇంకో చక్రంలో తక్కువ పట్టేదైతే ఆ చిన్న తేడా రోడ్డు మీద పెద్దదవుతుంది. ఒకే ఇరుసుకు చెందిన రెండు చక్రాలకూ ఒకే తయారీ, ఒకే రకం లైనర్లను ఒకేసారి మార్చాలనే నియమం వెనుక ఉన్నది ఇదే.

కొన్ని లైనర్ల అంచున రెండు ఆంగ్ల అక్షరాల గుర్తు ముద్రించి ఉంటుంది. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో ఘర్షణ గుణకం ఏ శ్రేణిలో ఉంటుందో చెబుతుంది: ‘ఇ’ అంటే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45. రెండక్షరాలూ ఒకటే అయితే వేడెక్కినా పట్టు పెద్దగా మారదని అర్థం. రెండోది వర్ణక్రమంలో ముందు అక్షరమైతే వేడికి పట్టు తగ్గుతుంది. లైనర్ ఎంతకాలం మన్నుతుందో, డ్రమ్మును ఎంత అరగదీస్తుందో ఈ అక్షరాలు చెప్పవు. బరువైన వాహనాల కోసం చేసిన గట్టి లైనర్లు సరిగ్గా పట్టాలంటే కాస్త వేడెక్కాలి. ఆదివారం ఉదయం పది కిలోమీటర్లు తిరిగి ఇంటికొచ్చే పాత కారులో అవి ఆ వేడికి చేరకుండానే డ్రమ్మును గీసిపెడతాయి. మెత్తటి లైనర్ త్వరగా అరిగినా, దొరకని డ్రమ్మును కాపాడుతుంది. పాత కారుకు సంబంధించినంత వరకూ లైనర్ కన్నా డ్రమ్మే విలువైన భాగం.

ముందు, వెనుకల పొంతన మరో లెక్క. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది. అంబాసిడర్ ముందు, వెనుక చక్రాల మధ్య దూరం దాదాపు 2.46 మీటర్లు. గురుత్వ కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందని, నిలబడినప్పుడు బరువు సగం సగం ఉందని అనుకుంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాల మీద 63 శాతం, వెనుక 37 శాతం పడుతుంది. ఇంత తేలికైన వెనుక చక్రాలకు ఎక్కువ పట్టు ఉన్న లైనర్లు వేస్తే అవి ముందుగా బిగుసుకుపోయి, కారు వెనుక భాగం పక్కకు తిరుగుతుంది. ముందు చక్రాలు బిగుసుకుంటే కారు కనీసం తిన్నగా జారుతుంది. వెనుకవి బిగుసుకుంటే గిరగిరా తిరుగుతుంది. కాబట్టి ‘ముందు పాతవే ఉంచి, ఈసారికి వెనుక మంచి లైనర్లు వేద్దాం’ అనే నిర్ణయం ఖర్చు మిగిల్చినట్టు కనిపించినా ప్రమాదకరమైనది.

డ్రమ్ముల పునరుద్ధరణలో లేత్ పని తప్పదు. గీతలు పడిన, అండాకారంలోకి మారిన డ్రమ్మును లోపల చెక్కించినప్పుడు దాని వ్యాసం పెరుగుతుంది, గోడ పలచబడుతుంది. చాలా కార్లకు మూల కొలత మీద 1.5 మిల్లీమీటర్ల దాకా పెరుగుదలను పరిమితిగా పాటిస్తారు. డ్రమ్ము మీద గరిష్ఠ కొలత పోతపోసి ఉంటే అదే ప్రమాణం. ఒకే ఇరుసుకున్న రెండు డ్రమ్ములనూ ఒకే కొలతకు చెక్కించాలి. ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది. పెద్దదైన డ్రమ్ము వంపుకు కొత్త లైనర్ వంపు సరిపోదు. షూ మధ్యభాగం మాత్రమే తాకి, అంచులు గాలిలో ఉంటాయి. లైనర్‌ను కూడా ఆ డ్రమ్ము వంపుకు అరగదీయించినప్పుడే మొదటి రోజు నుంచి పూర్తి పట్టు వస్తుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల డ్రమ్ము చెక్కడం, షూలకు లైనర్లు రివెట్ చేయడం ఒకే వీధిలో జరుగుతాయి కనుక, రెండింటినీ కలిపి అప్పగించడం కష్టమేమీ కాదు.

రాతినార మిగిల్చిన ప్రశ్న

పాత లైనర్లలో ప్రధాన పదార్థం రాతినార (ఆస్‌బెస్టాస్). వేడికి కాలదు, డ్రమ్మును మెత్తగా తాకుతుంది, రెసిన్‌తో బాగా కలుస్తుంది, చౌక కూడా. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తెల్ల రాతినార గనులు నడిచాయి. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తరువాత క్యాన్సర్‌కు దారితీస్తుందని నిర్ధారణ అయ్యాక, చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. బ్రిటన్ 1999లో తెల్ల రాతినారను కూడా నిషేధించింది. ఇప్పటి లైనర్లలో దాని స్థానంలో అరామిడ్, గాజు పోగులు, లోహపు పోగులు, ఖనిజ పూరకాలు కలుపుతున్నారు. ఆ పూరకాల్లో ముఖ్యమైనది ముగ్గురాయి (బెరైటీస్). ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటైన మంగంపేట కూడా ఉమ్మడి కడప జిల్లాలోనిదే. ఒకే జిల్లా పాత లైనర్ల ముడిసరుకుకూ, కొత్త లైనర్ల ముడిసరుకుకూ నెలవు కావడం గమనించదగ్గది.

పునరుద్ధరించేవారికి ఇందులో రెండు ఆచరణాత్మక అంశాలున్నాయి. మొదటిది, కారుతో వచ్చిన పాత షూలలో, పాత స్టాకులో దొరికే ప్యాకెట్లలో రాతినార ఉందనే భావించి మెలగాలి. డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదే అలవాటు గ్యారేజీల్లో విస్తృతంగా ఉంది. అది పని చేసేవాడికీ, పక్కన నిలబడినవాడికీ హాని. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పడేయాలి. రెండోది, రాతినార లేని లైనర్లు పాతవాటిలాగే పట్టుతాయని అనుకోకూడదు. వాటి పట్టు కూర్పును బట్టి మారుతుంది కాబట్టి, నాలుగు చక్రాలనూ ఒకేసారి కొత్త పదార్థానికి మార్చి, తరువాత నెమ్మదిగా ఒరిపించుకోవాలి.

రబ్బరు: పాత స్టాకు పనికిరాని చోటు

అట్టపెట్టె చెక్కుచెదరని, నలభై ఏళ్ల కిందటి అసలు కిట్టు దొరికితే పునరుద్ధరించేవారికి అది నిధిలా కనిపిస్తుంది. లోహపు భాగాల వరకూ అది నిజమే. రబ్బరు మాత్రం వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండవేడి దాన్ని గట్టిపరుస్తాయి. గట్టిపడిన కప్పు నెమ్మదిగా నొక్కితే కారుతుంది, గట్టిగా నొక్కితే పట్టుతుంది. అందుకే షెడ్డులో పరీక్షించినప్పుడు బాగానే ఉండి, సిగ్నల్ దగ్గర కాలు ఆనించి నిలిపినప్పుడు పెడల్ మెల్లగా దిగిపోయే లోపం వస్తుంది. పాత కిట్టులోని స్ప్రింగు, వాషరు ఉంచుకొని, రబ్బరంతా పారేసి, ఇటీవల తయారైన కప్పులు వేయడం మేలు.

హోస్ పైపుల లోపం ఇంకా కనిపించనిది. బయట చీలికలు లేకుండానే లోపలి పొర ఉబ్బి, దారి మూసుకుపోతుంది. కాలి బలంతో ద్రవం చక్రం వైపు వెళుతుంది. కాలు తీశాక షూల స్ప్రింగుకు దాన్ని వెనక్కి నెట్టే శక్తి చాలదు. చక్రం పట్టేసి ఉండిపోతుంది, డ్రమ్ము కాలుతుంది. దీన్ని వీల్ సిలిండర్ బిగుసుకోవడంగా పొరబడి కొత్త సిలిండర్ వేసినా లోపం పోదు. పునరుద్ధరణలో హోస్ పైపులన్నీ మార్చడమే ఖర్చు తక్కువ మార్గం.

‘బ్రేక్ ఆయిల్’ అనే పేరు తెచ్చిన ముప్పు

వాడుకలో బ్రేక్ ఆయిల్ అంటున్నా, ఈ కార్లలో పోసేది ఖనిజ నూనె కాదు. తొలినాళ్లలో ఆముదాన్ని ఆల్కహాల్‌తో కలిపి వాడేవారు. తరువాత గ్లైకాల్ ఆధారిత ద్రవాలు వచ్చాయి. బ్రేకు రబ్బరు ఈ ద్రవాలకు తట్టుకునేలా చేసింది. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, డీజిల్, కిరోసిన్ ఏ కొంచెం తగిలినా ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సిలిండర్లను కిరోసిన్‌తో కడిగే అలవాటు వల్ల కొత్త కిట్టు నెలల్లోనే పాడైపోవచ్చు. కడగడానికి తాజా బ్రేకు ద్రవం గానీ, స్పిరిట్ (ఆల్కహాల్) గానీ వాడాలి. ‘నూనె’ అనే మాట ఇక్కడ నిజంగానే నష్టం చేస్తోంది.

గ్లైకాల్ ద్రవాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. బ్రేకు ద్రవాలను ‘డాట్’ అనే శ్రేణులుగా విభజిస్తారు. డాట్ 3 ద్రవం తాజాగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస స్థాయి 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల తేమలో ద్రవాన్ని రెండేళ్లకోసారి మార్చాలనే నియమాన్ని సడలించుకోవడం మంచిది కాదు. పాత కారుకు డాట్ 3 గానీ డాట్ 4 గానీ సరిపోతుంది. సిలికాన్‌తో చేసిన డాట్ 5 తేమను పీల్చదు, రంగును పాడుచేయదు. అందుకే ఎక్కువకాలం నిలిపి ఉంచే ప్రదర్శన కార్లకు కొందరు దాన్ని ఇష్టపడతారు. కానీ అది గ్లైకాల్‌తో కలవదు, లోపలికి వచ్చిన నీరు దిగువన గుంటలా నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది, గాలి బుడగలు తొందరగా వదలవు కాబట్టి ఎయిర్ తీయడం కష్టం. రబ్బరుతో సహా వ్యవస్థ మొత్తం కొత్తదైనప్పుడు తప్ప దాని జోలికి పోకపోవడమే నయం. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది గ్లైకాల్ రకమే; ఈ రెండింటినీ ఒకటనుకొని కలిపేస్తే వ్యవస్థనంతా విప్పి కడగాల్సి వస్తుంది.

పైపులు, మరలు: బ్రిటిష్ కారు, మెట్రిక్ నట్టు

అంబాసిడర్ బ్రిటిష్ వంశానిది కనుక దాని పాత మోడళ్లలో బ్రేకు పైపులను బిగించే యూనియన్ నట్లు అంగుళాల మరలతో ఉంటాయి. ఫియట్ వంశపు పద్మినిలో మెట్రిక్ మరలు. 3/8 అంగుళం నట్టు వ్యాసం 9.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు. మెట్రిక్ నట్టు వ్యాసం 10 మిల్లీమీటర్లు, మరల మధ్య దూరం 1 మిల్లీమీటరు. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. చిన్నదైన అంగుళాల నట్టు పెద్దదైన మెట్రిక్ రంధ్రంలో వదులుగా ఎక్కి, కొంత బిగిసినట్టే అనిపించి, గట్టిగా బ్రేకు వేసిన రోజున మరలు తెగి బయటికి వచ్చేయగలదు. వేరే కారు సిలిండర్‌ను అమర్చే ప్రతి సందర్భంలోనూ మరల కొలత చూసే గేజీతో సరిచూడాలి. నాలుగు వందల రూపాయల పరికరం కొనడానికి వెనకాడి సిలిండర్‌ను నమ్ముకోవడం తెలివైన బేరం కాదు.

ఇనుప పైపులు లోపలి నుంచి తుప్పు పడతాయి కనుక పాతవాటిని ఉంచడంలో అర్థం లేదు. వంచడం తేలికని స్వచ్ఛమైన రాగి గొట్టాలు వేసేవారున్నారు. రాగి కుదుపులకు గట్టిపడి పగులుతుంది. రాగి, నికెల్ కలిపిన మిశ్రలోహపు పైపు తుప్పు పట్టదు, వంగుతుంది, కుదుపులను తట్టుకుంటుంది. కొస మడతను కూడా పాతదానిలాగే చేయించాలి. రెండు పొరల మడత ఉండాల్సిన చోట ఒక పొర మడత చేస్తే అది చిరిగి కారుతుంది.

డిస్కు బ్రేకులు వేయించాలా

అంబాసిడర్ ఆఖరి దశ మోడళ్లలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, బూస్టరు వచ్చాయి. వాటిని పాత కారుకు అమర్చవచ్చా అనేది తరచూ వచ్చే ప్రశ్న. సమాధానం కారును ఎక్కడ, ఎలా తోలుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రయాణికులతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే బ్రేకుల్లోకి చేరే శక్తి దాదాపు 370 కిలోజౌళ్లు. అదే కారు 700 మీటర్ల ఎత్తు దిగితే, అంటే దాదాపు తిరుమల కొండకూ తిరుపతికీ ఉన్నంత తేడా, వదలాల్సిన శక్తి 10,300 కిలోజౌళ్లు. 80 కిలోమీటర్ల వేగం నుంచి 28 సార్లు వరుసగా ఆగినంత శక్తి అది. గాలి, టైర్ల నిరోధం, తక్కువ గేరులో ఇంజన్ అందులో కొంత భాగం మోస్తాయి. గేరు వేయకుండా బ్రేకు మీదే దిగే డ్రైవరు దాదాపు అంతటినీ డ్రమ్ముల్లో నింపుతాడు.

డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకు దూరమవుతుంది, పెడల్ కిందికి పోతుంది. డిస్కు వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్‌కు దగ్గరవుతుంది. గాలి నేరుగా తగిలి త్వరగా చల్లారుతుంది. వాగు దాటినప్పుడు చేరిన నీటిని డిస్కు విసిరేస్తుంది, డ్రమ్ము దాచుకుంటుంది. ఘాట్ రోడ్లలో తరచూ తిరిగే కారుకు డిస్కులు వేయడానికి ఇవన్నీ బలమైన కారణాలే.

అయితే డిస్కులో లీడింగ్ షూ చేసే సాయం లేదు. అదే పట్టుకు ఎక్కువ పీడనం కావాలి, అందుకే బూస్టరు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిస్టన్లకు ఎక్కువ ద్రవం కావాలి. అందుకే మాస్టర్ సిలిండర్ వేరు. నాలుగు డ్రమ్ముల వ్యవస్థలో చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోల మేర పీడనాన్ని నిలిపి ఉంచే చిన్న కవాటం చాలా కార్లలో మాస్టర్ సిలిండర్‌లోనే ఉంటుంది; కప్పుల అంచులు గోడకు ఆని, గాలి చొరకుండా ఉండటానికి అది అవసరం. అదే కవాటాన్ని డిస్కు వైపు వదిలేస్తే ప్యాడ్లు ఎప్పుడూ ఒరుసుకుంటూ ఉంటాయి. బూస్టరుతో పెరిగిన పీడనం వెనుక డ్రమ్ములకూ చేరి, అవి ముందుగా బిగుసుకునే ప్రమాదం ఉంది కాబట్టి వెనుక వీల్ సిలిండర్ల వ్యాసం కూడా సరిచూడాలి. ఒకే మోడల్ కుటుంబంలోని ఆఖరి కారు నుంచి స్టబ్ యాక్సిల్ (ముందు చక్రాన్ని మోసే పొట్టి ఇరుసు), కాలిపర్, బూస్టరు, మాస్టర్ సిలిండర్, వెనుక సిలిండర్లను ఒక కట్టగా తెచ్చుకుంటే ఈ పొంతనను తయారీదారే చూసినట్టవుతుంది. వేరే కంపెనీ కారు కాలిపర్‌ను బ్రాకెట్ చేయించి అమర్చడంలో ఆ భరోసా లేదు.

డిస్కుల కన్నా ముందుగా ఆలోచించాల్సిన మార్పు మరొకటి ఉంది. పాత అంబాసిడర్, ఫియట్ 1100లలో నాలుగు చక్రాలకూ ద్రవం ఒకే వలయంలో తిరుగుతుంది. ఏ ఒక్క చోట పైపు తెగినా నాలుగూ పోతాయి, చేతి బ్రేకే మిగులుతుంది. అమెరికాలో 1968 నుంచి కార్లకు రెండు వేర్వేరు వలయాలు తప్పనిసరి అయ్యాయి. సరైన వ్యాసం ఉన్న రెండు గదుల మాస్టర్ సిలిండర్ అమర్చి, ముందు, వెనుక పైపులను విడదీస్తే, బయటి రూపం దాదాపు మారకుండానే భద్రత మారిపోతుంది. ఖర్చుకు దక్కే ఫలితాన్ని బట్టి చూస్తే డిస్కుల కన్నా దీనికే ప్రాధాన్యం ఇవ్వాలి.

అసలుదనం, చట్టం

2021 సవరణలోని వింటేజ్ నిర్వచనం, వాహనం అసలు రూపంలో ఉండాలనీ, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో మార్పులతో కూడిన భారీ మరమ్మతు జరగకూడదనీ చెబుతుంది. బ్రేకు లైనర్లు, పైపులు, కప్పుల ప్రస్తావన అందులో లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మాత్రం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని గట్టిగా సమర్థించింది. కాబట్టి బ్రాకెట్ల కోసం చాసిస్‌ను కోయడం, వెల్డింగ్ చేయడం వంటి పనులు బ్రేకుల పేరుతో జరిగినా చిక్కు తేవచ్చు. తిరిగి విప్పి పూర్వ స్థితికి తేగలిగిన మార్పులకే పరిమితం కావడం, తీసిన భాగాలను పేరు రాసి భద్రపరచడం ఈ రెండు అవసరాలనూ తీరుస్తుంది.

కొనే ముందు, బిగించిన తరువాత

బ్రేకు భాగాలకు నకిలీల బెడద కొత్తది కాదు. చెన్నైలోని పాడిలో 1962లో టీవీఎస్, బ్రిటన్‌కు చెందిన లూకస్ కలిసి బ్రేక్స్ ఇండియాను నెలకొల్పాక బ్రిటిష్ బ్రేకుల బ్రాండైన గిర్లింగ్ తరహా భాగాలు దేశంలోనే తయారయ్యాయి. ఆ పేరున్న పాత పెట్టెలకు ఇప్పటికీ గిరాకీ ఉండటంతో పెట్టె చూసి కొనడం సరిపోదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, చెన్నై పుదుపేటలోనో కొనేటప్పుడు పాత భాగాన్ని వెంట తీసుకెళ్లి, వ్యాసం, మరలు, పిస్టన్ ప్రయాణ దూరం పక్కపక్కన పెట్టి కొలవాలి. లోపలి గోడ మీద వేలు పెట్టి తిప్పితే గరుకు తగలకూడదు. లైనర్ల మీద భారతీయ ప్రమాణం ఐఎస్ 2742, ద్రవం డబ్బా మీద ఐఎస్ 8654 ప్రస్తావన ఉందేమో చూడాలి.

బిగించిన తరువాత ఇంజన్ ఆపి, పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా నొక్కి ఉంచాలి. దిగిపోతే ఎక్కడో కారుతోంది. మెత్తగా స్పాంజిలా ఉంటే గాలి మిగిలింది. తొలి రెండు మూడు వందల కిలోమీటర్లు లైనర్లు డ్రమ్ము వంపుకు ఒదిగే దాకా హఠాత్తుగా బ్రేకులు వేయకుండా, మధ్య మధ్య ఆగి చల్లారనిస్తూ తోలాలి. ఒక్కో ప్రయాణం తరువాత నాలుగు డ్రమ్ముల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూసి రాసుకోవాలి. ఒకే ఇరుసు మీది రెండు డ్రమ్ముల మధ్య తేడా ప్రతిసారీ ఒకే వైపు కనిపిస్తే, వేడిగా ఉన్న చక్రం హోస్‌నూ సర్దుబాటునూ, చల్లగా ఉన్న చక్రం వీల్ సిలిండర్‌నూ మొదట విప్పి చూడాలి. లైనర్లు ఒదిగాక షూల సర్దుబాటు మళ్లీ చేయించాలి, ఎందుకంటే ఆ తొలి అరుగుదలకే పెడల్ కొంత కిందికి దిగుతుంది.